హేగ్ కోసం అప్పు చేయవద్దు, ఆ చదువును మాత్రం వదలవద్దు

ప్రశ్న: నా వయసు ఇరవై ఆరు. ఎల్ఎల్‌బీ పూర్తిచేసి రెండేళ్లుగా జిల్లా కోర్టులో ఒక క్రిమినల్ లాయరు గారి దగ్గర జూనియర్‌గా పనిచేస్తున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. లా కాలేజీలో సెమినార్ కోసం రువాండా మారణకాండ విచారణ గురించి చదివినప్పటి నుంచి అంతర్జాతీయ నేర న్యాయశాస్త్రంలో ఎల్ఎల్ఎమ్ చేయాలని కోరిక. నెదర్లాండ్స్‌లో చదివితే ముప్పై లక్షలకు పైగా అవుతుందని ఏజెంటు చెబుతున్నాడు. నాన్నగారు పొలం తాకట్టు పెడతానంటున్నారు. మా సీనియర్ గారేమో "మన దేశం హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో సభ్యురాలే కాదు, ఆ చదువు ఏ కేసులో పనికొస్తుంది?" అంటున్నారు. బంధువులు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కూర్చోమంటున్నారు. ఆ తీర్పుల్లోని ఘోరాలు రోజూ చదివితే మనసు తట్టుకుంటుందా అన్న భయం కూడా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: చదవండమ్మా. అయితే ఈ ఏడాది వద్దు, పొలం తాకట్టు పెట్టి అసలే వద్దు. కారణాలు చెబుతాను. మీ సీనియర్ గారి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి మీ సొంత జవాబు సిద్ధమయ్యే దాకా ఏ విశ్వవిద్యాలయానికీ దరఖాస్తు పెట్టకండి.

ఆయన చెప్పింది నిజమే. 1998 జులై 17న రోమ్‌లో అంతర్జాతీయ నేర న్యాయస్థానం శాసనంపై ఓటింగ్ జరిగినప్పుడు 120 దేశాలు ఔనన్నాయి, 7 కాదన్నాయి, 21 తటస్థంగా ఉండిపోయాయి. ఆ 21లో మనమూ ఉన్నాం. 2002 జులై 1న శాసనం అమల్లోకి వచ్చింది, హేగ్‌లో కోర్టు వెలిసింది. మనం ఈనాటికీ చేరలేదు. ఆనాడు మన ప్రతినిధులు లేవనెత్తిన అభ్యంతరాలు తేలిగ్గా తీసిపారేసేవి కావు. ఏ దేశపు పరిస్థితిపై దర్యాప్తు జరపాలో కోర్టుకు అప్పగించే అధికారం, నడుస్తున్న విచారణను నిలిపివేయించే అధికారం భద్రతా మండలికి ఎందుకు? అణ్వాయుధ ప్రయోగాన్ని యుద్ధ నేరంగా ఎందుకు రాయలేదు? మీరు ఏ దేశంలో చదివినా తరగతిలో భారతీయ విద్యార్థిని ముందుగా అడిగేది దీని గురించే. మన వాదనను బలంగా చెప్పగలగాలి, అందులో లోపం ఎక్కడుందో కూడా చూపగలగాలి.

అయితే సభ్యత్వం లేదు కాబట్టి ఇక్కడ ఆ శాస్త్రానికి పని లేదనడం సరికాదు. జాతిహనన (జెనోసైడ్) నిరోధక ఒప్పందాన్ని భారత్ 1959లోనే ధ్రువీకరించింది. ఆ నేరాన్ని శిక్షించేందుకు చట్టం చేయాల్సిన బాధ్యత అప్పుడే తలకెత్తుకున్నట్టు. ఆ చట్టం రాలేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ జాతిహననం పేరుతో నేరం లేదు. 1984 సిక్కుల ఊచకోత కేసులో సజ్జన్ కుమార్‌కు జీవిత ఖైదు విధిస్తూ 2018 డిసెంబర్ 17న ఢిల్లీ హైకోర్టు ఈ విషయాన్ని సూటిగా రాసింది. మానవాళిపై నేరాలు గానీ, జాతిహననం గానీ మన నేర చట్టంలో భాగం కాలేదని, ఈ లోపాన్ని వెంటనే సరిదిద్దాలని జస్టిస్ మురళీధర్ ఆ తీర్పులో అన్నారు. నేరం జరిగిన 34 ఏళ్లకు వచ్చిన తీర్పు అది. మీ సీనియర్ గారు ఏ కేసులో అని అడిగారు కదా, ఆ తీర్పు ప్రతి తీసి ఆయన బల్ల మీద పెట్టండి. ఆయన తప్పక చదువుతారు.

ఇంకా దగ్గరి ఉదాహరణ చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. విచారణ కోసం ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఆ కోర్టు 21 మందికి జీవిత ఖైదు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. గుంపుగా వచ్చి చంపిన కేసుల్లో పేచీ ఎక్కడొస్తుందో కోర్టులో కూర్చునే మీకు నేను చెప్పనక్కర్లేదు. అంతమందిలో ఎవరి చేతిలో ఏముంది, సాక్షి ఎంత దూరం నుంచి చూశాడు, మొదటి వాంగ్మూలంలో ఆ పేరు ఉందా, తర్వాత చేరిందా? అంతర్జాతీయ నేర న్యాయశాస్త్రంలో ఎక్కువ భాగం ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. గుంపు ఊరంత కాక దేశమంత ఉంటుంది, చంపమన్నవాడు చంపిన చోటికి వందల మైళ్ల దూరంలో ఉంటాడు.

మనకు పాత ఐపీసీ 149, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 190 సెక్షన్ ఉంది. చట్టవిరుద్ధ గుంపులో ఉన్నవాడు తన చేత్తో కొట్టకపోయినా బాధ్యుడే. గుంపు ఉమ్మడి లక్ష్యం కోసం జరిగిన నేరానికైనా సరే, ఆ దారిలో జరిగేలా ఉందని అతనికి తెలిసిన నేరానికైనా సరే. యుగోస్లావియా యుద్ధ నేరాల విచారణకు ఐక్యరాజ్య సమితి పెట్టిన ట్రిబ్యునల్ 1999లో తాదిచ్ అనే ముద్దాయి అప్పీలులో ఉమ్మడి నేర పథకం అనే సిద్ధాంతాన్ని తీర్చిదిద్దింది. దాని మూడో రూపంలో, పథకంలో లేని నేరమైనా, అది జరగవచ్చని ముందే ఊహించదగ్గదై, ఆ ప్రమాదానికి ముద్దాయి సిద్ధపడి ఉంటే చాలు. మన సెక్షన్ 'తెలిసి' అంటుంది, వాళ్లు 'ఊహించదగ్గ' అంటారు. ఈ రెంటి మధ్య వెంట్రుకవాసి తేడాలో మనుషుల జీవిత ఖైదులు ఆధారపడి ఉన్నాయి. తర్వాత హేగ్ కోర్టు ఆ సిద్ధాంతాన్ని పక్కనపెట్టి రోమ్ శాసనం 25వ అధికరణం కింద వేరే దారి పట్టింది. 149 మీద పది బెయిల్ పిటిషన్లు రాసిన మనిషికి ఈ చర్చ అర్థమైనంత లోతుగా, కోర్టు మెట్లెక్కకుండా నేరుగా ఎల్ఎల్ఎమ్‌లో చేరినవాళ్లకు అర్థం కాదు. మిమ్మల్ని ఇప్పుడే కోర్టు వదలవద్దని చెప్పడానికి మొదటి కారణం ఇది.

రెండో కారణం మీరు సెమినార్‌లో చదివిన రువాండా విచారణలోనే ఉంది. అందులో ముద్దాయి అకయేసు, టాబా అనే ప్రాంతానికి మేయరు. 1997 జనవరిలో విచారణ మొదలైనప్పుడు అతనిపై ఉన్న అభియోగాల్లో అత్యాచారం ఊసే లేదు. సాక్షుల రక్షణ కోసం పేర్లకు బదులు అక్షరాలు వాడారు. సాక్షి 'జె' అనే తల్లి తనకు తెలిసింది చెబుతూ, తన ఆరేళ్ల కూతురిని ముగ్గురు మిలీషియా వాళ్లు చెరిచారని చెప్పింది. తర్వాత సాక్షి 'హెచ్' తనపై జరిగింది చెప్పింది. ధర్మాసనంలోని ముగ్గురిలో ఒకే ఒక మహిళ నవనీతం పిళ్లై. చెరుకు తోటల కూలీలుగా దక్షిణాఫ్రికాకు వెళ్లిన తమిళుల సంతతి ఆమె, డర్బన్‌లో ఒక బస్సు డ్రైవరు కూతురు. న్యాయమూర్తులు ఆ సాక్షులను ఇంకా అడిగారు. 1997 జూన్‌లో ప్రాసిక్యూషన్ అభియోగాలను సవరించింది. 1998 సెప్టెంబర్ 2న వచ్చిన తీర్పులో ఒక అంతర్జాతీయ కోర్టు మొదటిసారి ఒక మనిషిని జాతిహననం నేరంలో దోషిగా తేల్చింది. అత్యాచారం కూడా జాతిహననానికి సాధనం కాగలదని అదే తీర్పు చెప్పింది.

ఈ మలుపును నేను విద్యార్థులతో ఎన్నిసార్లు చదివించినా ఒక దగ్గర ఆగుతాను. దర్యాప్తు చేసినవాళ్లు ఆ ఊళ్లకు వెళ్లారు, వాంగ్మూలాలు రాసుకున్నారు, అయినా అభియోగ పత్రంలోకి ఆ సంగతి ఎక్కలేదు. సాక్షి నోట ఒక వాక్యం దొర్లినప్పుడు అక్కడ ఆగి, "తర్వాత ఏం జరిగింది?" అని అడగాలని గుర్తించడం పుస్తకం నేర్పే విద్య కాదు. మీరు జిల్లా కోర్టులో చీఫ్, క్రాస్ (సాక్షి విచారణ, ఎదురు విచారణ) నడుస్తుండగా సీనియర్ వెనక కూర్చుని నేర్చుకుంటున్నది అదే. సాక్షి అడ్డం తిరిగిన రోజున ప్రాసిక్యూటర్ ముఖం చూసి ఉంటారు. ఎందుకు తిరిగాడో, ఎవరు తిప్పారో మీకు తెలుసు. హేగ్‌లోనూ అదే రోగం. అప్పటి కెన్యా ఉపాధ్యక్షుడు విలియం రూటోపై కేసు 2016లో ఆగిపోవడానికి సాక్షులపై వచ్చిన ఒత్తిళ్లు ఒక ముఖ్య కారణం.

ఇక ఎల్ఎల్ఎమ్‌లో కొత్తగా నేర్చుకునేదేమిటంటే, హత్య చుట్టూ ఉన్న పరిస్థితిని రుజువు చేయడం. మన కోర్టులో హత్యకు చంపడం, ఉద్దేశం రుజువైతే సరిపోతుంది. అక్కడ అదే హత్య మానవాళిపై నేరం కావాలంటే, పౌరులపై విస్తృతంగానో ఒక పద్ధతి ప్రకారమో సాగిన దాడిలో అది భాగమని, ఆ దాడి సంగతి ముద్దాయికి తెలుసని కూడా చూపాలి. అందుకు గణాంకాలు కావాలి, సైనిక ఉత్తర్వులు, రేడియో ప్రసారాలు, శవ పరీక్షలు కావాలి. విచారణాధికారం సంగతీ అంతే లోతైనది. మయన్మార్ సభ్య దేశం కాదు, బంగ్లాదేశ్ సభ్య దేశం. రోహింగ్యాలను తరిమేసిన నేరం మయన్మార్‌లో మొదలై, సరిహద్దు దాటి బంగ్లాదేశ్ నేల మీద పూర్తయింది కాబట్టి తమకు అధికారం ఉందని హేగ్ కోర్టు 2018 సెప్టెంబర్‌లో చెప్పింది, 2019 నవంబర్‌లో దర్యాప్తుకు అనుమతించింది. మన పొరుగునే ఇంత జరుగుతుంటే దీన్ని దూరదేశపు విద్య అనడం నాకు ఒప్పుదల కాదు.

డిజిటల్ సాక్ష్యం గురించి ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే మీ వయసువాళ్లకు అక్కడ అవకాశం ఉంది. లిబియాకు చెందిన అల్ వెర్ఫల్లిపై 2017 ఆగస్టులో జారీ చేసిన అరెస్టు వారెంటుకు సామాజిక మాధ్యమాల్లో తిరిగిన వీడియోలే ప్రధాన ఆధారం. ఆ వీడియో ఎక్కడ తీశారు, ఏ రోజు, ఎవరైనా మార్చారా అని తేల్చడం ఇప్పుడొక పెద్ద పని. మన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలోనూ ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని తేల్చే అంకెల వేలిముద్ర, రాయాలి. మీ కోర్టులో ఆ ధ్రువపత్రాలు ఎంత అశ్రద్ధగా నింపుతున్నారో గమనించండి. అది మంచి పరిశోధనాంశం.

ఉద్యోగాల సంగతి మీకు ఎవరూ నిజం చెప్పి ఉండరు. హేగ్ కోర్టు నియామకాల్లో సభ్య దేశాల పౌరులకు మొదటి ప్రాధాన్యం. మనలాంటివాళ్లను తీసుకోకూడదని లేదు, కానీ వరసలో వెనక నిలబడతాం. అక్కడ వ్యవహారం ఇంగ్లిష్, ఫ్రెంచ్ భాషల్లో నడుస్తుంది. ఇంటర్న్‌షిప్‌లలో చాలావాటికి జీతం ఉండదు, ఆ ఊళ్లో అద్దెలు మాత్రం గట్టిగా ఉంటాయి. 2025లో అమెరికా ఆ కోర్టు న్యాయమూర్తులపైనే ఆంక్షలు పెట్టింది. రువాండా, యుగోస్లావియా ట్రిబ్యునళ్లు 2015, 2017ల్లో మూతపడ్డాయి. అంటే చదువుకున్నవాళ్లు పెరిగారు, కొలువులు తగ్గాయి. అందుకే అప్పు చేసి వెళ్లవద్దంటున్నాను. ముప్పై లక్షల అప్పుకు వడ్డీ నెత్తిన పెట్టుకున్న మనిషి జీతం లేని ఇంటర్న్‌షిప్ చేయలేదు, అది చేయకుండా ఆ తలుపు దాదాపు తెరుచుకోదు.

అయితే హేగ్ ఒక్కటే దారి కాదు. మయన్మార్, సిరియాల నేరాలకు ఆధారాలు సేకరించేందుకు ఐక్యరాజ్య సమితి పెట్టిన దర్యాప్తు యంత్రాంగాలు జెనీవాలో పనిచేస్తున్నాయి. సిరియా అధికారి అన్వర్ రస్లాన్‌కు 2022 జనవరిలో జీవిత ఖైదు వేసింది జర్మనీలోని కోబ్లెంజ్ ఉన్నత ప్రాంతీయ కోర్టు. ఇలాంటి విచారణలు ఇప్పుడు దేశీయ కోర్టులకు మళ్లుతున్నాయి. రెడ్ క్రాస్ అంతర్జాతీయ కమిటీకి ఢిల్లీలో కార్యాలయం ఉంది. శరణార్థుల కేసులు, లా కాలేజీల్లో బోధన, మానవ హక్కుల సంస్థలు ఉన్నాయి. నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యం మన ఎస్సీ ఎస్టీ ప్రత్యేక కోర్టులు. అక్కడ సామూహిక నేరాన్ని నిరూపించడం తెలిసిన లాయర్లు చాలా తక్కువ.

ఎక్కడ చదవాలి అంటే, నగరం పేరు చూడకండి, ఎవరు చెబుతున్నారో, విద్యార్థులతో అసలు కేసుల మీద పని చేయిస్తారో లేదో చూడండి. లైడెన్, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయాల్లో ఈ ప్రత్యేకాంశం బలంగా ఉంది. ఐర్లండ్‌లోని గాల్వేలో ఉన్న మానవ హక్కుల కేంద్రం, జెనీవా అకాడమీ కూడా పేరున్నవే. ఏజెంటు కమీషన్ వచ్చే కాలేజీనే చూపిస్తాడు, అతని మాట పక్కన పెట్టి ఆయా విభాగాలకు మీరే రాయండి. మన దగ్గర క్లాట్ పీజీ ప్రవేశ పరీక్ష రాస్తే హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఢిల్లీలోని దక్షిణాసియా విశ్వవిద్యాలయం ఎల్ఎల్ఎమ్‌లో అంతర్జాతీయ న్యాయానికే పెద్దపీట. అక్కడ బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక విద్యార్థుల పక్కన కూర్చుని చదువుతారు. అంతర్యుద్ధం చూసిన దేశంవాళ్లతో యుద్ధ నేరాల గురించి మాట్లాడటం వేరే చదువు. విదేశీ ఏడాది ఎల్ఎల్ఎమ్‌ను ఇక్కడ అధ్యాపక ఉద్యోగానికి గుర్తిస్తారో లేదో ముందే కనుక్కోండి.

స్కాలర్‌షిప్ లేకుండా విదేశం వద్దు. బ్రిటన్‌కైతే చెవెనింగ్ ఉంది. దానికి రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. కామన్వెల్త్, ఇన్లాక్స్ ఉన్నాయి, జె.ఎన్. టాటా ఎండోమెంట్ రుణ స్కాలర్‌షిప్ ఉంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యా నిధి పథకాలున్నాయి. వాటికి ఏ దేశాలు, ఏ సబ్జెక్టులు వర్తిస్తాయో ఆ ఏటి నోటిఫికేషన్ చదివాకే అడ్మిషన్ ఫీజు కట్టండి.

తెలుగు మాధ్యమం గురించి దిగులు వద్దు. ఈ కోర్టుల్లో సాక్షులు కిన్యార్వాండాలోనో స్వాహిలిలోనో మాట్లాడతారు, దుబాసీలు అనువదిస్తారు. సాక్షి తెలుగులో చెబితే జడ్జి గారు ఇంగ్లిష్‌లో డిక్టేట్ చేసేటప్పుడు ఏది జారిపోతుందో మీరు రోజూ వింటున్నారు. ఆ చెవి మీకు బలం. రాతను మాత్రం సాధన చేయాలి. వారానికొక తీర్పులో ముప్పై పేజీలు చదివి, ఒక పేజీలో మీ ఇంగ్లిష్‌లో రాయండి. హేగ్ కోర్టు లీగల్ టూల్స్ డేటాబేస్‌లో తీర్పులన్నీ ఉచితం. ఐక్యరాజ్య సమితి ఆడియో విజువల్ గ్రంథాలయంలో పెద్ద న్యాయకోవిదుల ఉపన్యాసాలూ ఉచితమే. హైదరాబాద్ వెళ్లే వీలుంటే అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఫ్రెంచ్ మొదలుపెట్టండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ నాయకులపై జరిగిన టోక్యో విచారణలో భారత న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ రాసిన అసమ్మతి తీర్పును కూడా చూడండి. ముద్దాయిలందరూ నిర్దోషులన్నారని మనవాళ్లు గర్వంగా చెబుతారు. జపాన్ సైన్యం అకృత్యాలకు సాక్ష్యం బలంగా ఉందని ఆయనే ఒప్పుకున్న పేజీలను మాత్రం ఎక్కువమంది తెరవరు.

మీ భయం గురించి: ఈ తీర్పులు చదివితే మనసు తప్పకుండా కదులుతుంది. పోక్సో కేసు కాగితాలు చదివిన రాత్రి నిద్ర పట్టని అనుభవం మీకు ఉండే ఉంటుంది. కొన్ని పద్ధతులు పెట్టుకోండి. పడుకునే ముందు వాంగ్మూలాలు చదవకండి. వీడియో సాక్ష్యమైతే శబ్దం ఆపి ముందొకసారి చూడండి. ఒంటరిగా చదవకుండా ఒకరిద్దరితో కలిసి చదవండి, చదివాక మాట్లాడుకోండి. వారాల తరబడి కలలు వెంటాడితే, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోతే కౌన్సెలర్‌ను కలవండి. ఆ పనిలో ఏళ్లు గడిపినవాళ్లూ కలుస్తారు.

బంధువుల సలహా కూడా చెడ్డది కాదు. జూనియర్ సివిల్ జడ్జి నియామకాలకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ తప్పనిసరి చేసింది. మీకు రెండేళ్లయింది. అంటే ఆ పరీక్ష రాయాలన్నా, స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయాలన్నా ఇంకో ఏడాది రెండేళ్లు కోర్టులోనే ఉండటం మంచిది. ఈలోగా రెండు సెషన్స్ కేసులు మొదటి నుంచి చివరి దాకా పట్టుకోండి, ఒక్క వాయిదా కూడా వదలకండి. చుండూరు హైకోర్టు తీర్పు, అకయేసు తీర్పు పక్కపక్కన పెట్టుకుని, గుంపులో ఒక మనిషి పాత్రను ఏ సాక్ష్యంతో నిరూపించమన్నారు అన్న ఒక్క ప్రశ్న మీద పదిహేను పేజీల వ్యాసం రాయండి. దరఖాస్తుతో పాటు అడిగే రాత నమూనాగా అదే పనికొస్తుంది. రాయడం పూర్తయ్యాక ముందు మీ సీనియర్ గారికి చూపించండి, తర్వాత నాకు పంపండి. చదివి, ఎక్కడ బలహీనంగా ఉందో గీతలు పెట్టి పంపుతాను.